పండుగాడి ఏకాదశి

నూజివీడు,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన మార్తక్కకి,

నీ చెల్లెలు సలోమి వందనాలు. నేను తింటున్నాను, నిద్రపోతున్నాను, ఒంట్లో బాగానే ఉంది, కాబట్టి ఆ మూడు ప్రశ్నలూ ఈసారి అడగకు. నువ్వూ, బావా, చంటిగాడూ ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? నాన్న దగ్గు తగ్గిందా? వానలు పట్టుకున్నాయి కదా, పొద్దున్నే రేవుకి వెళ్ళొద్దని ఆయనకి చెప్పు. చెప్పినా వెళ్తారు, అయినా చెప్పు.

నీ ఉత్తరం అందింది. కార్డు మీద నాలుగే లైన్లు రాశావంటే ఎంత కోపంగా ఉన్నావో తెలిసింది. చంటిగాడి మొదటి పుట్టినరోజుకి ఉన్న ఒక్క పిన్నీ రాలేదు. పాస్టరుగారు నా గురించి అడిగారనీ, ప్రార్థన అయ్యేదాకా అమ్మ గుమ్మం వైపే చూస్తూ కూర్చుందనీ రాశావు. సెలవు ఇవ్వలేదని రాసేద్దామనుకున్నాను. కానీ మా ఆస్పత్రి డాక్టరమ్మగారు రెండు రోజులు వెళ్ళి రమ్మనే అన్నారు. నేనే వెళ్ళలేదు. ఎందుకో రాస్తే నవ్వుతావో, ఇంకా మండిపడతావో తెలీదు. ఇక్కడ ఒక పిల్లికి షుగరు వ్యాధి వచ్చింది. దానికి రోజూ పొద్దున ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ ఇన్సులిన్ వెయ్యాలి. ఈ ఇంట్లో సూది పట్టుకోవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నర్సాపురం వచ్చి వెళ్ళాలంటే పన్నెండు గంటలు ఎక్కడ సరిపోతాయి?

నవ్వావు కదా. నవ్వడం అయ్యాక మిగతాది చదువు. మూడు రోజులుగా నాకు ఒక చోట కాలు నిలవడం లేదు. ఆస్పత్రిలో మడతపెట్టిన దుప్పట్లే మళ్ళీ మడతపెడుతున్నాను. నిన్న ఒక బాలింతకి రెండుసార్లు టెంపరేచర్ చూసి తిట్లు తిన్నాను. ఇవాళ చర్చిలో వాక్యం ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఈ ఉత్తరం మొదలుపెట్టాక కూడా రెండుసార్లు లేచి పెరట్లోకి వెళ్ళొచ్చాను. ఎవరికైనా చెప్పుకోవాలి, నీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

నేనుండే ఇల్లు మామిడికాయల వ్యాపారం చేసే వైశ్యులదని ఇదివరకే రాశాను. ముందు భాగంలో వాళ్ళుంటారు, పెరటి వైపు గది నాది. ఇంటి పెద్ద మామ్మగారు. పేరు కాంతమ్మగారు, డెబ్భై ఏళ్ళుంటాయి. కొడుకు వేసవంతా విస్సన్నపేట తోటల మీదే ఉంటారు, కోడలు సరోజగారు నెమ్మదస్తురాలు. గది ఇచ్చేటప్పుడు మామ్మగారు పెట్టిన షరతు ఒక్కటే, నీచు వండకూడదు. సరేనన్నాను. రేవులో పుట్టి పెరిగినదాన్ని ఐదు నెలలుగా పప్పూ, దోసకాయ, మామిడికాయ, మళ్ళీ పప్పూ. వేసవిలో అయితే ఊరు ఊరంతా మామిడిపండే. రోడ్ల మీద లారీలు, లారీల నిండా ఎండుగడ్డి పరిచిన బుట్టలు, ఎటు తిరిగినా ఈగలు. చిన్నరసాలు మొదటి వారం తిన్నప్పుడు ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. మూడో వారానికి ఆ వాసనకే ముఖం తిప్పుకున్నాను. ఇప్పుడు సీజను అయిపోయింది, షెడ్లన్నీ ఖాళీ, వాన పడితే ఎర్రబురద. మోత ఆగిపోయేసరికి ఊళ్ళో ఏమీ తోచడం లేదు, ఇల్లు మరీ గుర్తొస్తోంది.

ఆ మామ్మగారి పిల్లి పేరు పండు. పదకొండేళ్ళవాడు, పసుపు చారల వాడు. ఆవిడ జపం చేసుకుంటుంటే ఒళ్ళో కూర్చుని తనే జపం చేస్తున్నంత గంభీరంగా కళ్ళు మూసుకుంటాడు. ప్రతి వేసవీ వాడికి పాలన్నంలో మామిడిరసం పిండి పెట్టేవారట. వీధిలో వాడంత లావు పిల్లి లేదని చెప్పుకునేవారు. నేను వచ్చేసరికి బాగానే ఉన్నాడు. మే నెల దాటాక చిక్కిపోవడం మొదలుపెట్టాడు. తిండి మాత్రం రెట్టింపు. తొట్టి దగ్గరికెళ్ళి నీళ్ళు తాగుతూనే ఉండేవాడు. వెనక కాళ్ళు మడమల దాకా నేలకి ఆనించి, ముసలాడు చెప్పులీడ్చినట్టు నడిచేవాడు. దిష్టి తగిలిందని మామ్మగారు ఉప్పు తిప్పి పోశారు. ఒకరోజు బట్టలు ఉతుక్కుంటూ చూశాను, వాడు పాసు పోసిన చోట చీమలు బారు కట్టాయి. మనుషులకైతే నాకు వెంటనే తట్టేది. పిల్లికి కూడా వస్తుందా అని రెండు రోజులు ఆలోచించాను.

ఇక్కడి పశువుల డాక్టరుగారు మొదట నవ్వారు. గేదెలకీ ఎడ్లకీ వైద్యం చేసే మనిషి, పిల్లిని బుట్టలో పెట్టి తెస్తే నవ్వరా మరి. పాసు పరీక్ష చేశాక నవ్వు ఆపి, బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీసి దుమ్ము దులిపారు. పుస్తకంలో చదవడమేగానీ చూడడం ఇదే మొదటిసారి అన్నారు. రెండు యూనిట్లు, రెండు పూటలా అని రాసిచ్చారు. పాలన్నం మానేసి చేపలు పెట్టమన్నారు. అది విని మామ్మగారు బుట్ట ఎత్తుకుని బయటికి వచ్చేశారు. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున నా గది ముందుకొచ్చి నిలబడి, పెరటి చివర, బావికి అవతల, వేరే కిరసనాయిలు స్టవ్వు మీద అయితే వండుకో అన్నారు. వాడికి మాత్రమే అని మళ్ళీ అన్నారు.

అలా ఈ ఇంట్లో చేపలు వండడానికి పిల్లికి పర్మిషన్ వచ్చింది, నాకు రాలేదు. రోజూ సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ చిన్న చేపలు తెచ్చి, ముళ్ళు తీసి, ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టేదాన్ని. సగం ఆ పూటకి, సగం మర్నాటి పొద్దుటికి. మొదటి రోజు ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. చప్పిడి ముక్క, అయినా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మీరంతా ఒక్కసారిగా గుర్తొచ్చారు.

ఇంట్లో వైద్యం ఎలా సాగేదో రాస్తాను, నీకు ఇలాంటివి ఇష్టం. మందు సీసా తడి ఇసుక పోసిన కుండలో ఉంటుంది. గాజు సిరంజి, సూది పొద్దున్నే మరిగిస్తాను. పిల్లి పాసు పట్టడం పెద్ద సమస్య అయింది. మట్టి పోస్తే పీల్చేస్తుంది, ఉత్త రేకు పళ్ళెం పెడితే వాడు ముఖం తిప్పుకుంటాడు. చివరికి మామ్మగారే చింతగింజలు కడిగి పళ్ళెంలో పోశారు. కాళ్ళతో కెలుక్కుని అందులో పోశాడు. గింజలు పీల్చవు కదా, పళ్ళెం వంచితే చాలు. పరీక్ష గొట్టంలో నీలం మందు పోసి, పాసు ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచాలి. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. పచ్చ అయితే కొంచెం, పసుపు అయితే ఇంకొంచెం, నారింజ, ఇటుక రంగు వస్తే చాలా ఎక్కువ. మొదటి రోజు మంచి ఇటుక రంగు వచ్చింది. మామ్మగారు రోజూ వచ్చి ఆ గొట్టం వంక చూసేవారు. చదువు లేదు గానీ, నాలుగో రోజుకల్లా రంగు చూసి నాకంటే ముందు చెప్పేవారు.

తిండి పెట్టే పని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. జన్మలో చేప ముట్టని మనిషి, ఆరింటికి లేచి, స్నానానికి ముందే, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వాడి గిన్నెలో వేసేవారు. వాడు తినేదాకా కూర్చుని, బూడిదతో గిన్నె తోమి, చప్టా మీద బోర్లించి, అప్పుడు తలస్నానం చేసి దేవుడి దగ్గరికి వెళ్ళేవారు. నేను లేచి వచ్చేసరికి గిన్నె బోర్లించి ఉండేది. గిన్నె బోర్లించి ఉంటే వాడు తిన్నాడని అర్థం. అప్పుడు సూది వేసేదాన్ని. పన్నెండు రోజులు ఇలాగే జరిగింది. తిండి ముందు, సూది తర్వాత అని ఆవిడకి చెప్పింది నేనే.

పదమూడో రోజు గురువారం. ఆ రోజు గొట్టంలో మొదటిసారి పచ్చ రంగు వచ్చింది. అక్కా, నాకెంత సంతోషం వేసిందో. పరీక్ష పాసైనట్టు అనిపించింది. గొట్టం మామ్మగారికి చూపిద్దామంటే ఆవిడ పూజగదిలో ఉన్నారు. చప్టా మీద గిన్నె బోర్లించి ఉంది. పండు వచ్చి నా కాళ్ళకి చుట్టుకుని అరిచాడు, వదలకుండా అరిచాడు. సూది వేసే మనిషికి కూడా మాలిమి అయ్యాడని మురిసిపోయాను. మెడ మీద చర్మం ఎత్తి రెండు యూనిట్లూ వేసి, చేతులు కడుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయాను.

పదకొండు కావస్తుండగా సరోజగారు రిక్షాలో ఆస్పత్రికి వచ్చారు. ఆవిడ ఎప్పుడూ ఒంటరిగా గుమ్మం దాటగా చూడలేదు. పండు తూలుతున్నాడు, పిలిస్తే చూడడం లేదు, అత్తయ్యగారు ఏడుస్తున్నారు అన్నారు. అదే రిక్షాలో వెళ్ళాను. పూజగది ముందు వరండాలో పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. కాళ్ళు కొట్టుకుంటున్నాడు, నోట్లోంచి సొంగ కారుతోంది, చెవులు చల్లగా ఉన్నాయి. మామ్మగారు వాడి నోట్లో తులసినీళ్ళు పోస్తున్నారు. పొద్దున ఎంత తిన్నాడని అడిగాను.

"ఇవాళ ఏకాదశి కదమ్మా. వాడేం తినడు" అన్నారు.

పదకొండేళ్ళుగా ఆ పిల్లి ఏకాదశి ఉంటోందట. ఆవిడతో పాటే ఉపవాసం, ఆవిడతో పాటే ద్వాదశి భోజనం. వీధంతా ఎరిగిన సంగతి. వేరే నాకు చెప్పాలని ఆవిడకి తోచనే లేదు. ఇవాళ ఆదివారం, రేపు సోమవారం అని ఎవరైనా పనిగట్టుకుని చెబుతారా? గిన్నె ఆ పొద్దున అసలు తియ్యనే లేదు, ముందురోజు సాయంత్రం బోర్లించింది అలాగే ఉంది. పెరటి చివర, చేపలు ఉడికించే దాకలో ముక్కలూ అలాగే ఉన్నాయి. మూత తీసి చూసి ఉంటే తెలిసేది.

ఖాళీ కడుపు మీద ఇన్సులిన్ పడితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు, మన పెదనాన్నకి ఒకసారి అయింది చూశావు. నోట్లో తీపి పడకపోతే చచ్చిపోతాడండీ అన్నాను. సరోజగారు పంచదార కోసం వంటింట్లోకి పరిగెత్తారు. పంచామృతానికని దేవుడి ముందు గిన్నెలో తేనె పెట్టి ఉంది, ఇంకా నైవేద్యం కాలేదు. మామ్మగారు ఒక్క క్షణం ఆ గిన్నె వంక చూసి, తీసుకొచ్చి నా చేతిలో పెట్టారు. వేలితో చిగుళ్ళకి రాశాను, నాలుక కింద రాశాను, మళ్ళీ మళ్ళీ రాశాను. వాడి పన్ను దిగి వేలు చీరుకుంది. కాసేపటికి కాళ్ళు కొట్టుకోవడం ఆగింది. పావుగంటకి తల ఎత్తి, మత్తు వదిలినట్టు చుట్టూ చూశాడు. వెంటనే కడుపులో ఏదైనా పడాలి, లేకపోతే మళ్ళీ పడిపోతాడు. పాలు చాలవు. నేను నోరు తెరిచే లోపల మామ్మగారే, ఆ దాక ఇక్కడికే తీసుకురా అన్నారు. ఏకాదశి పూట, పూజగది ముందు, ఆవిడ ఎదురుగా పండు చేపలు తిన్నాడు. ఆ పూటకి సూది ఆపి, మర్నాటి నుంచి ఒక్క యూనిటే వెయ్యమన్నారు డాక్టరుగారు.

ఇంతవరకే అయితే ఇది మంచి కబురే. కాలు నిలవనిది తర్వాత జరిగినదానికి. వీధిలో వాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళారు. మా అమ్మాయి లేకపోతే పిల్లి దక్కేది కాదని మామ్మగారు అందరికీ చెప్పారు. నేను పాపిష్టిదాన్ని, చేతులారా చంపుకోబోయాను అని ఏడ్చారు. ఆ రోజు నుంచి ఆవిడ పండుకి తిండి పెట్టడం లేదు. గిన్నె తెచ్చి నా గది ముందు పెట్టేసి వెళ్ళిపోతున్నారు. ఒళ్ళోకి వస్తే దింపేస్తున్నారు, నా చేతులు మంచివి కావు పోరా అంటున్నారు. వాడు ఆవిడ తలుపు దగ్గర కూర్చుని అరుస్తున్నాడు. నాకు ఇటు ఆ అరుపు, అటు ఆవిడ దగ్గు వినబడుతుంటాయి.

తప్పు నాదక్కా. సూది వేసే మనిషే రోగి తిన్నాడో లేదో కళ్ళారా చూడాలని ట్రైనింగులో మొదటి నెలలోనే చెప్పారు. వార్డులో ఏ ముసలాయనకైనా అడక్కుండా వేస్తానా? పిల్లి కదా, గిన్నె బోర్లించి ఉంది కదా, పచ్చ రంగు వచ్చింది కదా అనుకున్నాను. వాడు ఆకలికి అరుస్తుంటే ముద్దు అనుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు. అందరూ మెచ్చుకుంటుంటే తల వంచుకుని నిలబడ్డాను, అదేదో వినయం అనుకున్నారు. చెబితే గది ఖాళీ చెయ్యమంటారేమోనని ఒక భయం. అది ఒక్కటే కాదు, ఆ మెప్పు బాగుంది కూడా. ఐదు నెలల్లో ఈ ఊళ్ళో నన్ను ఎవరైనా మా అమ్మాయి అనడం అదే మొదటిసారి. ఈ ముక్క అమ్మకి చదివి వినిపించకు.

రాస్తుంటే ఇంకా అసహ్యంగా ఉంది. నీకు రాయగలిగినదాన్ని ఆవిడకి ఎందుకు చెప్పలేను? ఉండు, వెళ్ళొస్తాను.

వచ్చాను. గంటన్నర అయింది.

ఆవిడ వరండాలో వత్తులు చేసుకుంటున్నారు. కింద కూర్చుని మొత్తం చెప్పాను. గిన్నె చూసి అడక్కుండా సూది వేశాననీ, అడగడం నా పని అనీ, ఆవిడ తప్పు ఏమీ లేదనీ. వత్తులు చెయ్యడం ఆపలేదు. చెప్పడం అయిపోయాక తల ఎత్తారు.

"మూడు రోజులు ఏడుస్తుంటే చూస్తూ ఊరుకున్నావా?"

గది ఖాళీ చెయ్యమన్నా బాగుండేది. అవునండీ అన్నాను. ఆవిడ ముఖం తిప్పుకున్నారు. లేవాలో కూర్చోవాలో తెలీక అలాగే కూర్చున్నాను. కోడలు కాఫీ తెచ్చి ఒకరి తర్వాత ఒకరి ముఖం చూసి వెనక్కి వెళ్ళిపోయారు. కాసేపటికి ఆవిడ, పండూ అని పిలిచారు. ఎక్కడున్నాడో వచ్చి ఒళ్ళోకి ఎక్కాడు. ఈసారి దింపలేదు. వాడి వీపు నిమురుతూ, ఇక నుంచి నువ్వు అడుగు, నేనూ చెబుతాను అన్నారు.

తర్వాత తన దిగులు చెప్పారు. పదకొండేళ్ళుగా వాడి చేత చేయిస్తున్న ఉపవాసం, ఇప్పుడు మానిపిస్తే దేవుడికి ఏమని చెప్పుకోవాలి? అందుకని వాడి వంతు కూడా తనే ఉంటారట. ఏకాదశి తనది, ద్వాదశి వాడిది, రెండు రోజులూ వరసగా పస్తు. అక్కా, డెబ్భై ఏళ్ళ మనిషి, గాలి వీస్తే పడిపోయేటట్టు ఉంటారు. వద్దంటే వినే రకం కాదు. పిల్లికి దోషం లేదండీ అంటే, మీ వాళ్ళకి ఇవి తెలీవులే అన్నారు.

వాడి వంతు నేనుంటానండీ అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు, నోట్లోంచి వచ్చేసింది.

"మీకు ఏకాదశి లేదుగా" అన్నారు.

మాకు ఈస్టరుకి ముందు శ్రమదినాల్లో శుక్రవారాలుంటాయి, పస్తుండడం చేతనవును అన్నాను. ఆవిడ నన్ను తేరిపారా చూశారు. నేను ఏ మతందాన్నని చూశారో, ఎలాంటిదాన్నని చూశారో తెలీదు.

"మంచినీళ్ళు తాగొచ్చు. పళ్ళు తినొచ్చు. అబద్ధం ఆడకూడదు" అన్నారు.

సరేనన్నాను.

కాబట్టి పాస్టరుగారు అడిగితే ఏం చెబుతావో నీ ఇష్టం. చంటిగాడికి ముద్దులు, వాడికి చొక్కా కుట్టి పంపుతాను, కొలత పంపు. బావకీ, అత్తయ్యగారికీ వందనాలు చెప్పు. నా నల్ల గొడుగు అటక మీద ఉంటుంది, ఎవరైనా ఇటు వస్తుంటే ఇచ్చి పంపు. సరోజగారికి సూది వెయ్యడం నేర్పిస్తున్నాను, ఆవిడ చెయ్యి కుదురుకోగానే రెండు రోజులు వచ్చి అమ్మ పక్కన పడుకుంటాను. అమ్మనీ నాన్ననీ నా కోసం ప్రార్థించమను, మోకాళ్ళ మీద వద్దు, కూర్చునే చెయ్యమను.

ఇంక ఆపుతాను, ఏడు కావస్తోంది. మామ్మగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గిన్నెలో వేస్తున్నారు. నేను ఎదురుగా కూర్చుని చివరి ముక్క దాకా చూస్తున్నాను.

నీ చెల్లెలు,
సలోమి